తప్పుల తడక పేజీలు, సర్దుకుపోయే బ్రౌజర్లు

సర్వర్ నుంచి బ్రౌజర్‌కు వచ్చేది ముచ్చటగా అమర్చిన పేజీ కాదు, ఉత్త అక్షరాల వరుస. ఆ వరుసలో శీర్షిక ఎక్కడ మొదలైందో, పేరా ఎక్కడ ముగిసిందో, ఏ మాట లింకో, ఏ అంకెలు పట్టికలోవో చెప్పేవి ట్యాగులు. వాటిని రాసే పద్ధతే హెచ్‌టీఎంఎల్. దానికి వ్యాకరణం ఉంది. తెరిచిన ట్యాగును మూయాలి, లోపల తెరిచినదాన్ని ముందు మూయాలి, పట్టికలో గడుల బయట మాటలు రాయకూడదు, ఇలా ఎన్నో నియమాలు. వాటిని తు.చ. తప్పకుండా పాటించే పేజీలు మాత్రం అరుదు. ఒపేరా సంస్థ 2008లో ‘మామా’ అనే సాధనంతో దాదాపు 35 లక్షల పేజీలను పరీక్షకు పెడితే నిర్దుష్టమని తేలినవి 4.13 శాతమే. మిగతా పేజీలన్నిటిలోనూ ఏదో ఒక దోషం ఉంది. అయినా వాటిని చూసేవారికి ఆ సంగతే తెలియదు.

సీ భాషలో ప్రోగ్రాములు రాసేవారికి ఇది వింతగా తోస్తుంది. ఒక్క సెమీకోలన్ పోతే చాలు, కంపైలర్ అక్కడే మొండికేస్తుంది. అక్కడ తప్పు రాసినవారి ముందే బయటపడుతుంది కాబట్టి వెంటనే దిద్దుకుంటారు. వెబ్ పేజీని రాసేవారు ఒకరు, తెరిచేవారు మరొకరు. తెరిచినవారికి ‘47వ వరుసలో ముగింపు ట్యాగు లేదు’ అని చెప్పినా వారు చేయగలిగిందేమీ లేదు.

పేరున్న సైట్లలో తప్పులు తక్కువగా ఉంటాయనుకుంటే పొరపాటే. పెద్ద వార్తల సైటులో ఒక పేజీ ఒకరి చేతిమీదుగా తయారు కాదు. వార్తను ఉపసంపాదకుడు ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాడు. చుట్టూ ఉండే చట్రం ఎప్పుడో ఉద్యోగం మానేసిన ప్రోగ్రామరు రాసి పెట్టినది. ప్రకటనలు బయటి సంస్థల సర్వర్ల నుంచి వస్తాయి. కింద పాఠకుల వ్యాఖ్యలుంటాయి, పక్కన వీడియో ముక్క ఉంటుంది. అన్నీ అతుక్కున్నాక తయారైన పూర్తి పాఠాన్ని మనిషన్నవాడు ఎవడూ మొదటి నుంచి చివరిదాకా చదవడు. దోషాలు దూరేది ఈ అతుకుల దగ్గరే.

ఉదారత ఎక్కడ మొదలైంది

టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో హెచ్‌టీఎంఎల్‌ను రూపొందించినప్పుడు ట్యాగుల ఆకారాన్ని ఎస్‌జీఎంఎల్ అనే పాత ప్రమాణం నుంచి తీసుకున్నారు. ఎస్‌జీఎంఎల్ కట్టుదిట్టమైనది. వెబ్ మాత్రం ఆ కట్టుబాట్లను మొదటి నుంచీ అంతగా పట్టించుకోలేదు. తెలియని ట్యాగు ఎదురైతే దాన్ని వదిలేసి లోపలి మాటలు చూపించాలన్న పద్ధతి తొలినాళ్ల నుంచే ఉంది. కొత్త ట్యాగులు వచ్చినా పాత బ్రౌజర్లు పనిచేస్తూనే ఉండటానికి ఆ వెసులుబాటే కారణం. అంతకు పదేళ్ల ముందే, 1980లో, జాన్ పోస్టెల్ ఇంటర్నెట్ ప్రొటోకాల్ పత్రంలో ఇలాంటి సూత్రమే పెట్టారు: పంపేటప్పుడు నియమం తప్పవద్దు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండాలి. వెబ్ ప్రపంచం ఈ సూత్రంలో రెండో సగాన్నే తలకెక్కించుకుంది.

1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. పోటీ మొదలయ్యాక ఉదారత మర్యాద విషయం కాకుండా బతుకుతెరువు అయింది. పట్టికను ముగించే ట్యాగు మరిచిపోతే నెట్‌స్కేప్ పాత వెర్షన్లు ఆ పట్టికను అసలు చూపేవి కావు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏమీ జరగనట్టు చూపించేది. వ్యాకరణం ప్రకారం నెట్‌స్కేప్‌ను తప్పుపట్టలేం. కానీ ఒక బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ మరోదానిలో ఖాళీగా కనిపిస్తే వాడుకరి పేజీని కాదు, బ్రౌజర్‌ను తిడతాడు. పేజీ రాసినవారు కూడా తమ బ్రౌజర్‌లో ఒకసారి చూసుకుని, బాగానే ఉందనుకుని ప్రచురిస్తారు. బ్రౌజర్ సర్దుకున్న తప్పు అలా పేజీలో శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత వచ్చే ప్రతి బ్రౌజర్ ఆ తప్పుతో సర్దుకుపోవలసిందే, అదీ సరిగ్గా అదే తీరులో.

అసలు చిక్కు ‘అదే తీరులో’ అన్న చోటే ఉంది. తప్పును ఎలా సర్దాలో ఏ ప్రమాణ పత్రమూ చెప్పలేదు. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 నుంచి 1999 నాటి 4.01 దాకా ప్రమాణాలన్నీ ఒప్పులను వర్ణించాయి తప్ప తప్పుల జోలికి పెద్దగా పోలేదు. బ్రౌజర్ తయారీదారులు ఒకరి ప్రవర్తనను ఒకరు బయటి నుంచి గమనించి, ఊహించి అనుకరించడమే మిగిలింది.

ఒకే పేజీ, నాలుగు చెట్లు

బ్రౌజర్ అక్షరాల వరుసను చదివి కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక చెట్టు కడుతుంది. పేజీ కాండమైతే అధ్యాయాలు కొమ్మలు, పేరాలు రెమ్మలు, మాటలు ఆకులు. అక్షరాలను దిద్దే స్టైల్ నియమాలూ, పేజీని కదిలించే జావాస్క్రిప్టూ పనిచేసేది ఈ చెట్టు మీదే. ప్రతి ట్యాగూ మరో ట్యాగులో పూర్తిగా ఇమిడి ఉంటేనే చెట్టు కుదురుతుంది. గిన్నెల సెట్టులో చిన్న గిన్నె పెద్దదానిలో ఉండాలి. సగం ఒకదానిలో, సగం ఇంకోదానిలో ఉండటం కుదరదు.

రచయితలకు మాత్రం ఆ సంగతి పట్టదు. ‘బి’ అంటే మందపాటి అక్షరాలు, ‘ఐ’ అంటే వాలు అక్షరాలు అనుకుంటే ఇలా రాస్తారు:

<బి>ఒకటి<ఐ>రెండు</బి>మూడు</ఐ>

రాసినవారి ఉద్దేశం చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. ‘ఒకటి’ మందంగా, ‘రెండు’ మందంగా వాలుగా, ‘మూడు’ వాలుగా ఉండాలి. కానీ ‘బి’, ‘ఐ’ ఒకదానినొకటి అడ్డంగా కోసుకున్నాయి. దీనికి చెట్టు లేదు. తర్వాత కొత్త హెచ్‌టీఎంఎల్ పత్రానికి సంపాదకుడైన ఇయన్ హిక్సన్ 2002లో ఇలాంటి ముక్కలను అప్పటి బ్రౌజర్లకు ఇచ్చి ఏం చేస్తాయో చూశారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చెట్టు అనడానికి వీల్లేని వింత నిర్మాణం కట్టేది. అందులో ఒక కొమ్మకు తల్లి ఎవరో అడిగిన దిక్కును బట్టి జవాబు మారేది. మొజిల్లా ట్యాగుకు నకలు తీసి, తెగిన చోట మళ్లీ తెరిచేది. ఒపేరా చెట్టు ఒకలా కట్టి, కంటికి మరోలా చూపేది. ఆ తర్వాత ఏడాది, 2003లో, కేహెచ్‌టీఎంఎల్ అనే బ్రౌజర్ ఇంజిన్ పునాది మీద వచ్చిన ఆపిల్ వారి సఫారీ తనదైన మరో ఉపాయం పన్నింది. చూసేవారికి నాలుగింటిలోనూ ఇంచుమించు ఒకే దృశ్యం కనిపించేది. కానీ చెట్టు మీద నడిచే జావాస్క్రిప్ట్ ఒక్కోచోట ఒక్కో రకంగా తప్పటడుగు వేసేది. వెబ్ ప్రోగ్రామర్ల రాత్రులు ఎన్నో ఇక్కడే ఆవిరయ్యాయి.

కట్టుదిట్టం చేయాలన్న ప్రయత్నం

ఇంత గందరగోళానికి మందు క్రమశిక్షణేనని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ భావించింది. 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ నియమం ఖరాఖండిగా ఉంది. దోషం కనిపించగానే చదవడం ఆపేయాలి, ఊహించి సర్దకూడదు. 2000 జనవరిలో హెచ్‌టీఎంఎల్‌ను ఆ మూసలో పోసి ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 విడుదల చేశారు. దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గానే పంపితే, ఒక్క ‘&’ గుర్తు సరిగా రాయకపోయినా ఫైర్‌ఫాక్స్ వ్యాసాన్ని ఆపేసి పసుపుపచ్చ పేజీ మీద ఎర్ర అక్షరాలతో దోష ప్రకటన చూపేది. పాఠకుడి వ్యాఖ్యలో ఒక్క గుర్తు తేడా పడితే సైటు గౌరవం గంగపాలు.

ఇంకో ఇబ్బంది, అప్పట్లో జనంలో అత్యధికులు వాడే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఆ రకం పేజీలు తెరవడం చేతకాదు. 2011లో వచ్చిన 9వ వెర్షన్ దాకా రాలేదు. కాబట్టి ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని పైన ముద్ర వేసుకున్న పేజీలను కూడా మామూలు హెచ్‌టీఎంఎల్ పేరుతోనే పంపేవారు. బ్రౌజర్లు వాటిని పాత ఉదారతతోనే చదివేవి. అందులో హాస్యాస్పదమైన సంగతి ఒకటుంది. ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో <డివ్/> అని రాస్తే తెరిచి మూసినట్టు. మామూలు హెచ్‌టీఎంఎల్‌గా చదివే బ్రౌజర్ ఆ గీతను లెక్కచేయదు. డివ్ తెరిచే ఉంటుంది, పేజీలో ఆ తర్వాతిదంతా అందులోకి పోతుంది. క్రమశిక్షణ కోసం తెచ్చిన రాత కొత్త దోషాలకు కారణమైంది.

2004 జూన్‌లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో డబ్ల్యూ3సీ జరిపిన సదస్సులో మొజిల్లా, ఒపేరా కలిసి మరో దారి ప్రతిపాదించాయి. ఉన్న వెబ్‌ను కూల్చకుండా హెచ్‌టీఎంఎల్‌నే పెంచుదాం, తప్పులను ఎలా సర్దాలో కూడా ప్రమాణంలోనే రాద్దాం అన్నాయి. ఓటింగులో అనుకూలంగా 8, వ్యతిరేకంగా 14 వచ్చాయి. ఓడినవారు కొద్దిరోజుల్లోనే ఆపిల్‌తో కలిసి వాట్‌డబ్ల్యూజీ అనే బృందంగా ఏర్పడ్డారు. హిక్సన్ దానికి సంపాదకుడు. డబ్ల్యూ3సీ తన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని 2009లో చాలించుకుంది.

తప్పుకు చట్టం

వాట్‌డబ్ల్యూజీ రాసిన కొత్త పత్రం చేసిన పెద్ద పని వీడియో ట్యాగో మరొకటో కాదు. ఏ అక్షరాల వరుస ఇచ్చినా, అది ఎంత అధ్వానంగా ఉన్నా, దానికి ఒకే ఒక చెట్టు ఉండేలా నియమాలు రాయడమే. ఇందుకోసం ఉన్న బ్రౌజర్ల ప్రవర్తనను, ముఖ్యంగా అత్యధిక పేజీలను పరీక్షించి చూసుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను, గుచ్చి గుచ్చి పరిశీలించవలసి వచ్చింది. హిక్సన్ 2005లో గూగుల్‌లో చేరాక వంద కోట్లకు పైగా పేజీల నమూనాను జల్లెడ పట్టి, జనం నిజంగా ఏ ట్యాగులు ఎలా రాస్తున్నారో లెక్క తీశారు.

పని రెండు అంచెల్లో నడుస్తుంది. మొదటి అంచె అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి ట్యాగులుగా, మాటలుగా విడగొడుతుంది. దానికి దాదాపు 80 స్థితులున్నాయి. ట్యాగు పేరు మధ్యలో ఉన్నామా, కొటేషన్ గుర్తు లోపల ఉన్నామా, తెరమీద కనబడని వ్యాఖ్య ముగియబోతోందా అన్నవన్నీ విడివిడి స్థితులు. ప్రతి స్థితిలో ఏ అక్షరం వస్తే ఏం చేయాలో రాసి ఉంది. ‘<’ తర్వాత ఇంగ్లీషు అక్షరం వస్తేనే అది ట్యాగు. ఈ అధ్యాయంలో తెలుగు లిపిలో చూపిన ఉదాహరణలను ఉన్నవున్నట్టుగా బ్రౌజర్‌కిస్తే <బి> అన్నది ట్యాగు కాక తెరమీద మాటగానే కనిపిస్తుంది. ‘</’ తర్వాత తెలుగు అక్షరం వస్తే మాత్రం దాన్ని చెడిపోయిన వ్యాఖ్యగా లెక్కగట్టి ‘>’ దాకా దాచేస్తుంది. రెండూ తప్పులే, రెంటికీ జవాబు ఖాయంగా ఉంది.

ఇదే అంచెలో ‘&కాపీ’ అన్న సంకేతం సంగతి చూడాలి. కాపీరైట్ గుర్తు కావాలంటే చివర సెమీకోలన్ పెట్టాలి. పెట్టకపోయినా పాత పేజీల కోసం బ్రౌజర్ గుర్తును చూపిస్తుంది. కానీ లింకు చిరునామాలో ‘&కాపీ=2’ అని ఉంటే? అది ప్రోగ్రామరు పంపుతున్న విలువ కావచ్చు. అందుకే చిరునామాలాంటి చోట్ల వెనక సమానం గుర్తో, అక్షరమో, అంకెయో ఉంటే మార్చవద్దని మినహాయింపు రాశారు. ఈ ఒక్క మినహాయింపు లేకపోతే ఎన్ని దుకాణాల లింకులు చెడిపోయేవో.

రెండో అంచె చెట్టు కడుతుంది. దానికి 20కి పైగా దశలున్నాయి, పట్టిక లోపల ఒకలా, పేజీ దేహంలో మరోలా ప్రవర్తిస్తుంది. చేతిలో రెండు జాబితాలుంటాయి. ఇంకా మూయని ట్యాగులు ఒకదానిలో, బి, ఐ లాంటి అలంకార ట్యాగులు రెండోదానిలో. ముందరి ఉదాహరణలో </బి> రాగానే బ్రౌజర్ ‘బి’ని, దాని లోపల ఉన్నందుకు ‘ఐ’ని కూడా మొదటి జాబితా నుంచి తీసేస్తుంది. రెండో జాబితాలో ‘బి’ పోతుంది, ‘ఐ’ని ఎవరూ మూయలేదు కాబట్టి అది ఉండిపోతుంది. ‘మూడు’ అన్న మాట రాగానే రెండో జాబితా చూసి ‘ఐ’ని కొత్తగా తెరుస్తుంది. చివరికి చెట్టు ఇలా తేలుతుంది:

<బి>ఒకటి<ఐ>రెండు</ఐ></బి><ఐ>మూడు</ఐ>

‘బి’ మూతపడేలోగా మధ్యలో ఏకంగా ఒక పేరాయే మొదలైతే లెక్క ఇంకా జటిలం. <బి>ఒకటి<పి>రెండు</బి>మూడు</పి> అని రాస్తే పేరాను ‘బి’ ఒడిలోంచి తీసి ‘బి’ తల్లికి అప్పగించి, ‘రెండు’ వరకు కొత్త ‘బి’ని పేరా లోపల పెడతారు. పిల్లను ఒక తల్లి నుంచి మరో తల్లికి మార్చే పని కాబట్టి ఈ భాగానికి దత్తత సంస్థ అని పేరు పెట్టారు. పట్టికలో గడుల బయట పడిన మాటలకు పెంపుడు తల్లి దొరుకుతుంది. వాటిని పట్టికలోంచి లాగి దానికి ముందు పెడతారు. వరుసల మధ్య రాసిన వాక్యం పట్టిక నెత్తిన ప్రత్యక్షమవడం చూసి తికమకపడిన వెబ్ రచయితలకు కారణం ఇదే.

మూయని అలంకార ట్యాగులు వందలుంటే? కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఫాంట్ ట్యాగును తెరవడమే తప్ప మూయడం ఎరగవు. ప్రతి పేరాలోనూ వాటన్నిటినీ తిరిగి తెరుస్తూ పోతే చెట్టు మర్రి ఊడల్లా అల్లుకుపోతుంది. అచ్చంగా ఒకే రకం ట్యాగులు జాబితాలో మూడుకు మించకూడదని అందుకే హద్దు పెట్టారు. దాని పేరు నోవా ఓడ నిబంధన. బైబిల్ కథలోని ఓడలోకి జంతువులు జతలుగా ఎక్కితే ఇక్కడ ముగ్గురికి చోటిచ్చారు. దత్తత తంతు కూడా ఎనిమిది చుట్లకు మించి తిరగదు. ఇవి కాక క్రోమ్ తన వంతుగా చెట్టు లోతును 512 అంతస్తుల దగ్గర ఆపుతుంది.

కొన్ని నియమాలకు తర్కం వెతకడం వృథా. ‘ఇమేజ్’ అనే ట్యాగు ప్రమాణంలో లేదు, బొమ్మకు వాడేది ‘ఐఎంజీ’. ‘ఇమేజ్’ అని రాసినా ‘ఐఎంజీ’గా మార్చి చదవాలని పత్రం ఆదేశిస్తూ, ఎందుకని అడగవద్దని బ్రాకెట్లో ఒక ముక్క చేరుస్తుంది.

ఈ నియమాలు కాగితం మీద మిగిలిపోలేదు. సఫారీకి ఆధారమైన వెబ్‌కిట్ 2010లో కొత్త పార్సర్‌కు (పేజీని చదివి చెట్టు కట్టే భాగానికి) మారింది. 2011 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 4లో హెన్రీ సివోనెన్ రాసిన పార్సర్ ఉంది. ఆయన దాన్ని జావాలో రాస్తే, యంత్రం సీ++లోకి మార్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2012లో 10వ వెర్షన్‌తో దారికొచ్చింది. అందరూ ఉమ్మడి పరీక్షలు వాడుకోవడంతో, ఇరవై ఏళ్లుగా ఎవరికి వారే యమునా తీరే అన్నట్టున్న బ్రౌజర్లు దోషాల విషయంలో ఒక్క మాట మీదకు వచ్చాయి.

ఉదారత తెచ్చిన ప్రమాదం

తప్పును సర్దే ప్రతి ఉపాయం దొంగకు ఒక సందు. 2005 అక్టోబరులో మైస్పేస్ సైటులో సామీ కామ్‌కర్ వదిలిన పురుగు (తనంతట తానే వ్యాపించే కోడ్) ఇందుకు సాక్ష్యం. వాడుకరులు తమ పేజీలో ‘జావాస్క్రిప్ట్’ అన్న మాట రాస్తే సైటు తొలగించేది. సామీ ఆ మాటను జావా, స్క్రిప్ట్ అని రెండు వరుసలుగా విడగొట్టాడు. సైటు జల్లెడకు అది చిక్కలేదు. కొన్ని బ్రౌజర్లు మాత్రం వరుస విరుపును ఉదారంగా క్షమించి, రెండు ముక్కలనూ కలిపి చదివి, కోడ్‌ను నడిపాయి. 20 గంటల్లోపు పది లక్షల మందికి పైగా సామీకి ‘మిత్రులు’ అయిపోయారు.

మూయని వ్యాఖ్య మరో సందు. కొన్ని పాత బ్రౌజర్లు ఫైలు చివరిదాకా వెళ్లినా ముగింపు దొరక్కపోతే వెనక్కి వచ్చి, వ్యాఖ్య ముందే ముగిసినట్టు తిరిగి చదివేవి. అంటే పేజీ సగంలో తెగిపోతే, వ్యాఖ్యలో నిద్రపోతున్న కోడ్ లేచి కూర్చుంటుంది. కొత్త ప్రమాణం ఈ వెనకడుగును నిషేధించింది. క్షమించడానికి హద్దు ఎక్కడో తేల్చింది భద్రతే.

ట్యాగులతో తీరని తగాదాలు

పాత వెబ్‌తో సర్దుకోవడం హెచ్‌టీఎంఎల్ వ్యాకరణంతో ముగియదు. ఐఎస్ఓ-8859-1 అని ప్రకటించుకున్న పేజీని విండోస్-1252గా చదవాలని ప్రమాణమే చెబుతుంది, ఎందుకంటే రాసినవారు విండోస్‌లో రాసి పాత ముద్ర వేశారు. తెలుగు పాఠకులకు ఇలాంటి అబద్ధపు ముద్రలు కొత్త కాదు. యూనికోడ్ వ్యాపించకముందు తెలుగు దినపత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. పేజీలో ఉన్నవి లాటిన్ సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడిగేది. ఫాంటు లేనివారికి తెరమీద గజిబిజి తప్ప మరేమీ కనబడేది కాదు. మొజిల్లా బ్రౌజర్ల కోసం వచ్చిన ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ ఆ పాఠాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది.

జావాస్క్రిప్ట్ వైపు ‘డాక్యుమెంట్.ఆల్’ కథ విచిత్రమైనది. ఇది ఉందా అని అడిగి, ఉంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అని తేల్చుకునే సైట్లు కొన్ని, అడక్కుండానే వాడేసే సైట్లు మరికొన్ని. రెండు రకాలూ పనిచేయాలంటే ఒకటే దారి. ఉన్నావా అంటే లేనని చెప్పాలి, పని చెబితే చేయాలి. బ్రౌజర్లు నేటికీ అదే చేస్తున్నాయి. 2018లో శ్రేణులను చదును చేసే కొత్త సదుపాయానికి ‘ఫ్లాటెన్’ అని పేరు పెట్టబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరు ముందే వాడుకుని ఉన్నందున ఒక సైటు చెడింది. చివరికి ‘ఫ్లాట్’ అని సరిపెట్టుకున్నారు.

ఇవేవీ చాలనప్పుడు బ్రౌజర్లు సైటు పేరు చూసి ప్రవర్తన మార్చుకుంటాయి. వెబ్‌కిట్ మూలకోడ్‌లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ఫైలు ఉంది. ఫైర్‌ఫాక్స్ ఏ సైటుకు ఏ సర్దుబాటు చేస్తోందో వాడుకరి ‘అబౌట్:కంపాట్’ పేజీలో చూడవచ్చు, వద్దనుకుంటే ఆపేయవచ్చు. ఇది అందరికీ వర్తించే నియమం కాదు, పలుకుబడి ఉన్న సైట్లకు దక్కే రాయితీ. చిన్న సైటు తప్పు చేస్తే దాని కోసం ఎవరూ కోడ్ రాయరు.

2019 మేలో డబ్ల్యూ3సీ పట్టు సడలించి, హెచ్‌టీఎంఎల్‌కు వాట్‌డబ్ల్యూజీ పత్రమే ఏకైక ప్రమాణమని ఒప్పందం చేసుకుంది. ఆ పత్రాన్ని చూసి రస్ట్ భాషలో సర్వో బ్రౌజర్ ఇంజిన్‌కు పార్సర్ రాశారు, లేడీబర్డ్ అనే కొత్త బ్రౌజర్ కూడా అదే దారిలో నడుస్తోంది. పాత బ్రౌజర్‌ను గూఢచారిలా గమనించే అవసరం కొత్తవారికి తప్పింది. అన్ని తప్పులకూ ఇంత ఓపికగా మందు రాసిన ఆ పత్రంలోనే ఒక వెసులుబాటు కూడా ఉంది: సర్దడం ఇష్టం లేని బ్రౌజర్, దోషం ఎదురైన మొదటి చోటే చదవడం ఆపేయవచ్చు. ఏ ప్రధాన బ్రౌజరూ ఇంతవరకు ఆ వెసులుబాటును వాడుకోలేదు.